గుర్తు దగ్గర ఖాళీ పెట్టు: టికెట్లు పంచే పెద్దలకు సిరోంచ నుంచి ఒక లేఖ

మహారాష్ట్రలో టికెట్లు పంచే పెద్దలందరికీ నమస్కారం.

కమలం, చెయ్యి, గడియారం, తుతారీ (ఊదే కొమ్ము), విల్లంబు, కాగడా... మీది ఏ గుర్తయినా సరే, ఈ లేఖ మీకే. ఒక్కరిని ఉద్దేశించి రాయలేదు కాబట్టి ఎవరూ పక్కవాడి వైపు చూపించి తప్పుకోవద్దు.

నేను సిరోంచలో చిన్న జెరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. మాది గడ్చిరోలి జిల్లాలో చిట్టచివరి తాలూకా. జిల్లా కేంద్రానికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గోదావరి వంతెన దాటితే మాత్రం కాళేశ్వరం. పెళ్లిళ్లు, పిల్లల చదువులు, ఆపరేషన్లు అన్నీ ఆ ఒడ్డునే, ఓటు మాత్రం ఈ ఒడ్డున. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, అడవి ఊళ్లలోకి పోతే గోండి, మాడియా. ఈ లేఖ తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఆఫీసులో దీన్ని చదివి చెప్పే మనిషి ఒక్కరు కూడా లేకపోతే, నా మొదటి ఫిర్యాదు అదే అనుకోండి.

అసలు విషయానికి వస్తాను. 2024 అక్టోబరు, అసెంబ్లీ ఎన్నికల ముందు. దసరా అయిపోయింది, దీపావళి దగ్గర పడుతోంది. ఒక ఆశావహుడి మనిషి షాపుకొచ్చి కరపత్రం డిజైన్ చేయమన్నాడు. పైన తెలుగు, కింద మరాఠీ. ఫొటో ఇచ్చాడు, పేరు ఇచ్చాడు, నాలుగు హామీలు రాసుకొచ్చాడు. అంతా పేర్చాక, “గుర్తు?” అన్నాను.

“గుర్తు దగ్గర ఖాళీ పెట్టు అన్నా. రేపు ముంబై నుంచి ఫోన్ వస్తది.”

“ఏ పార్టీయో చెబితే రంగన్నా వేస్తా కదా.”

“అది కూడా రేపే తెలుస్తది.”

నవ్వులాటకు అన్న మాట కాదు. చాలా సీరియస్‌గా అన్నాడు. నేను గుర్తు పెట్టాల్సిన చోట తెల్లటి గుండ్రం ఒకటి వదిలాను. రేపు కాస్తా ఎల్లుండి అయింది. ఆగితే ఆలస్యమైపోతుందని, గుండ్రం అలాగే ఉంచి మంచిర్యాలలో ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పంపించి మూడు వేలు వేయించారు. గుర్తు వచ్చాక స్టిక్కర్ అంటించుకుంటామన్నారు. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవాళ్ల పేరు, వేయించినవాళ్ల పేరు ఉండాలని చట్టం. కాబట్టి కాగితం ఎవరు వేశారో స్పష్టంగా ఉంది. ఓటు ఏ గుర్తుకు వేయాలో మాత్రం లేదు.

టికెట్ వేరేవాళ్లకు పోయింది. నా బిల్లు ఆ తెల్ల గుండ్రంలోనే ఉండిపోయింది. కట్టలు ఇప్పటికీ షాపు వెనక ఉన్నాయి. వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, లెక్కలు రాసుకోవడానికి పనికొస్తున్నాయి. సాయంత్రం బండి మీద మిర్చీలు వేసే అతను కూడా అప్పుడప్పుడూ ఒక కట్ట పట్టుకుపోతాడు. హామీలు అలా అయినా జనంలోకి పోతున్నాయి.

నా బిల్లు కోసం ఈ లేఖ రాయడం లేదు (వస్తే వద్దనను). టికెట్ కోసం మీరు మీరు నెలల తరబడి కొట్టుకుంటే అసలు ఎన్నికలో ఏమవుతుందో, మా వైపు నుంచి చూస్తే ఎలా కనబడుతుందో చెబుదామని.

ఆ ఎన్నిక తేదీలు షాపు గోడ మీద అంటించుకున్నాను కాబట్టి నాకు నోటికి వచ్చు. అక్టోబరు 15న షెడ్యూలు. 22న నోటిఫికేషన్. 29 నామినేషన్లకు ఆఖరు. నవంబరు 4 ఉపసంహరణకు ఆఖరు. 20న పోలింగ్. మా దగ్గర నక్సల్ ప్రాంతమని పోలింగ్ మధ్యాహ్నం 3 గంటలకే ముగిసేట్టు పెట్టారు. ప్రచారం అంతకు 48 గంటల ముందే ఆపేయాలి. అంటే 18న మధ్యాహ్నానికే మైకులు బంద్. బరిలో నిజంగా ఎవరున్నారో తెలిసేది ఉపసంహరణ గడువు దాటాకే. ఇండిపెండెంట్లకు గుర్తు ఇచ్చేది కూడా అప్పుడే. నవంబరు 4 సాయంత్రం నుంచి 18 మధ్యాహ్నం దాకా లెక్కేసుకోండి, పధ్నాలుగు రోజులు. ఈ పధ్నాలుగు రోజుల్లో మా అసెంబ్లీ నియోజకవర్గం అహేరిలో అభ్యర్థి సిరోంచ, అహేరి, ఏటపల్లి, భామ్రాగఢ్, ముల్చేరా అనే అయిదు తాలూకాలు తిరగాలి. తెలుగు వాళ్లతో, గోండులతో, మాడియా వాళ్లతో, ముల్చేరా వైపు స్థిరపడ్డ బెంగాలీ వాళ్లతో మాట్లాడాలి. ఆలపల్లి నుంచి మా దాకా వచ్చే వంద కిలోమీటర్ల రోడ్డు సంగతి రాయాలంటే ఇంకో లేఖ కావాలి.

అందుకే మా ఊరికి అభ్యర్థి ఒక్కసారి వస్తాడు. బండి దిగకుండానే చెయ్యి ఊపుతాడు. ఒకవేళ దిగితే ఇరవై నిమిషాలు మరాఠీలో మాట్లాడి, “సమయం తక్కువగా ఉంది, మళ్లీ వస్తా” అంటాడు. సమయం తక్కువ ఎందుకైందో మాత్రం చెప్పడు. అక్టోబరు నెలంతా ఆయన ముంబైలో, నాగపూర్‌లో హోటళ్ల ముందు కూర్చున్నాడు. మా దగ్గరికి రావాల్సిన రోజులు మీ గుమ్మం ముందు కరిగిపోయాయి.

మా మేనత్తకు డెబ్బై దాటాయి. ఎన్నికంటే పండగలాగా తయారై పోతుంది. ఏప్రిల్ 19న లోక్‌సభకు ఓటేసినప్పుడు మెషీన్ మీద చెయ్యీ ఉంది, కమలమూ ఉంది. ఏడు నెలలు తిరిగి నవంబరులో పోతే రెండూ లేవు. పొత్తుల్లో బీజేపీ, షిండే సేన, అజిత్ పవార్ ఎన్సీపీల మహాయుతి అహేరిని గడియారానికి ఇచ్చింది. కాంగ్రెస్, ఠాక్రే సేన, శరద్ పవార్ ఎన్సీపీల అఘాడీ తుతారీకి ఇచ్చింది. ఆ గడియారం కూడా ఆమెకు శరద్ పవార్ సాహెబ్ గుర్తుగానే తెలుసు. అప్పటికే గడియారం అన్నకొడుకు అజిత్ దగ్గరికి పోయిందని, బాబాయి తుతారీ పట్టుకున్నాడని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన కార్యకర్తలు తమ నాయకుడికి టికెట్ రాలేదని అలిగి ఇంట్లో కూర్చున్నారు. అత్త బూతులోంచి బయటికొచ్చి, “చెయ్యి గుర్తు ఏడికి పోయిందిరా? కమలం కూడా లేదు. ఇది మన ఊరి మెషీనేనా?” అని అడిగింది. నేను నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు.

ఆ రోజు మెషీన్ మీద ఎవరెవరున్నారో మీకూ తెలుసు. గడియారం మీద ధర్మారావుబాబా ఆత్రం. తుతారీ మీద ఆయన సొంత కూతురు భాగ్యశ్రీ. అదే ఆత్రం కుటుంబం నుంచి, ఒకప్పుడు బీజేపీ తరఫున మంత్రిగా చేసిన అంబ్రిష్‌రావు ఇండిపెండెంటుగా. కాంగ్రెస్ నాయకుడు హన్మంతు మడావి ఇంకో ఇండిపెండెంటు. మహాయుతిలో తేలని తగాదా ఒకటి, అఘాడీలో తేలని తగాదా ఒకటి, ఇంట్లో తేలని తగాదా ఒకటి, మూడూ కలిసి మా బూతుకు వచ్చాయి. ధర్మారావుబాబా 16 వేల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచారు. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అంబ్రిష్‌రావు, భాగ్యశ్రీల ఓట్లు కలిపితే ఆయన ఓట్ల కంటే ఎక్కువ. గెలిచినాయన తప్పేమీ లేదు. గెలుపు గెలుపే. కానీ మీరు మీ ఇంట్లో కూర్చుని తేల్చాల్సిన పంచాయితీకి మమ్మల్ని పెద్దమనుషులుగా కూర్చోబెట్టారు. పెద్దమనుషులకు ఇవ్వాల్సిన మర్యాద మాత్రం ఇవ్వలేదు.

మరాఠీలో రెబెల్‌ను బండ్‌ఖోర్ అంటారు. మా షాపులో ఆ ఏడాది ఎక్కువగా టైపు చేసిన మాట అదే.

కార్యకర్తల సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే వాళ్లను దగ్గర నుంచి చూసేది మీరు కాదు, మేము. టికెట్ల సీజన్ మొదలవగానే ఒకే పార్టీలో రెండు వాట్సాప్ గ్రూపులు పుడతాయి. మా షాపుకు రోజూ వచ్చే ఒక కుర్రాడు తన నాయకుడికి పోటీగా ఉన్న ఇంకో ఆశావహుడి మీద ఒక పేజీ రాయించుకున్నాడు. ఏ కాంట్రాక్టులో ఎంత తిన్నాడు, ఏ రోడ్డు కాగితం మీదే పూర్తయింది, అంతా వివరంగా. నేను టైపు చేసిచ్చాను, నా పని అది. వారం తిరిగేసరికి టికెట్ ఆ ఇంకొకాయనకే వచ్చింది. ఇంకో నాలుగు రోజులకు ఎదుటి పార్టీ మనిషి వచ్చి ఫోన్లో ఒక మెసేజ్ చూపించి, “ఇది కరపత్రంగా వెయ్యాలి” అన్నాడు. చూస్తే అదే పేజీ. కామా కూడా మారలేదు. నేను కొత్తగా టైపు చేయలేదు, పాత ఫైలు తెరిచాను. ఆ కుర్రాడు ఆ సాయంత్రం టీ తాగడానికి వచ్చి ప్రింటర్లోంచి వస్తున్న కాగితం చూశాడు. ఏమీ మాట్లాడలేదు. కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు. పోలింగు రోజు తన పార్టీ టేబుల్ దగ్గర కూర్చున్నాడు గానీ, ఓటరు చీటీలు పంచే చేతిలో చురుకు లేదు. తను తిట్టిన మనిషికి తనే ఓటడగాలి మరి.

ఎదుటివాడు మీ అభ్యర్థి గురించి ఎంత చెప్పినా జనం సగమే నమ్ముతారు. సొంత పార్టీవాడు చెప్పింది మాత్రం పూర్తిగా నమ్ముతారు. ఇంటివాడే కదా చెప్పింది అంటారు.

ఇంతవరకు రాసి నాకే ఒక అనుమానం వచ్చింది. టికెట్ల కొట్లాట ఎంత సాగితే అంత నష్టం అని లెక్క తేల్చేద్దామా? అంత సులువు కాదు. వంతెన అవతల ఏం జరిగిందో మేము టీవీలో తెలుగు చానెళ్లలో రోజూ చూస్తాం. 2018 సెప్టెంబరు 6న కేసీఆర్ గారు అసెంబ్లీ రద్దు చేసిన రోజే 105 మంది పేర్లు చదివేశారు. అటు మహాకూటమి వాళ్లు సీట్ల పంపకం దగ్గరే నవంబరు దాకా ఆగిపోయారు. కాంగ్రెస్ మొదటి జాబితా నోటిఫికేషన్ వచ్చిన నవంబరు 12న గానీ బయటికి రాలేదు. ఫలితం, టీఆర్ఎస్‌కు 88, కాంగ్రెస్‌కు 19. అప్పుడు మా షాపు ముందు అందరూ, “చూశారా, ముందు ప్రకటించినోడిదే గెలుపు” అన్నారు. 2023లో అదే కేసీఆర్ గారు ఆగస్టు 21నే 115 మందిని ప్రకటించారు. కాంగ్రెస్ మొదటి జాబితా అక్టోబరు 15న వచ్చింది, ఆ తర్వాత కూడా అలకలు, గాంధీభవన్ ముందు గొడవలు. కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39. షాపు ముందు అదే మనుషులు, అదే బెంచీ, “ముందు ప్రకటిస్తే జనానికి మొహం మొత్తుతది” అన్నారు.

మా పక్కనే చంద్రపూర్ ఉంది. బల్లార్షా, రాజురా గనుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు అక్కడ బోలెడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ అక్కడ మొదట వినాయక్ బాంగ్డే పేరు ప్రకటించి, గొడవ జరిగాక బాలూ ధానోర్కర్‌కు మార్చింది. ఆయన అంతకుముందే శివసేన నుంచి వచ్చిన మనిషి. అలాంటి గందరగోళంలోంచి పోటీ చేసిన ఆయనే ఆ ఎన్నికలో మహారాష్ట్ర మొత్తం మీద గెలిచిన ఒకే ఒక్క కాంగ్రెస్ ఎంపీ. 2023లో ఆయన చనిపోయారు. 2024లో మళ్లీ టికెట్ కోసం పట్టుదలలు, మళ్లీ ఆలస్యం. బీజేపీ అప్పటికే సుధీర్ ముంగంటివార్ పేరు ప్రకటించి ప్రచారంలోకి దిగిపోయింది. కాంగ్రెస్ టికెట్ చివరికి బాలూ గారి భార్య ప్రతిభా ధానోర్కర్‌కు వచ్చింది. ఆమె 2 లక్షల 60 వేల తేడాతో గెలిచారు.

కాబట్టి ఆలస్యమైతే ఓడిపోతారని భయపెట్టడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. మీరు నాకంటే తెలివైనవాళ్లు, ఈ లెక్కలన్నీ మీ దగ్గర ఉంటాయి. ఆ లెక్కలు చూసుకునే ధైర్యంగా ప్రతిసారీ ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల దాకా లాగుతున్నారు.

నాకు అర్థమైనంతలో చంద్రపూర్‌కు, మా అహేరికి తేడా ఒక్కటే. అక్కడ కొట్లాట ఎంత సాగినా ఒక చోట ఆగింది. ఇక్కడ ఆగలేదు. టికెట్ ఎవరికో తేలాక కూడా ఓడినవాళ్లు ఓడినట్టు ఒప్పుకోలేదు, ఒప్పించే పని మీరు చేయలేదు. సాంగ్లీలో అయితే ఇంకా విచిత్రం. 2024 లోక్‌సభకు అఘాడీ ఆ సీటు ఠాక్రే సేనకు ఇస్తే, కాంగ్రెస్ మనిషి విశాల్ పాటిల్ ఇండిపెండెంటుగా నిలబడి గెలిచి, మళ్లీ కాంగ్రెస్‌కే మద్దతు ఇచ్చారు. అంటే మీరు ముంబైలో గుర్తించలేని సంగతిని ఓటర్లు ఒక్క రోజులో గుర్తించారు. మమ్మల్ని ముందే అడిగి ఉంటే ఆ ఖర్చంతా మిగిలేది కదా.

అడగడం అంటే గుర్తొచ్చింది. అమెరికాలో ఈ టికెట్ పోట్లాట జనం ముందే జరుగుతుంది. ఒక్కో రాష్ట్రంలో ఓటింగు పెట్టి పార్టీ అభ్యర్థిని తేలుస్తారు. అక్కడ కూడా ఇదే వాదన ఉంది, ఈ పోట్లాట సాగదీస్తే అసలు ఎన్నికలో దెబ్బ తగులుతుందా లేదా అని. 1976లో అధ్యక్షుడిగా ఉన్న ఫోర్డ్ మీద సొంత పార్టీ రీగన్ మహాసభ దాకా పోరాడారు. ఫోర్డ్ నవంబరులో ఓడారు. 1980లో అధ్యక్షుడు కార్టర్ మీద టెడ్ కెనడీ అలాగే ఆగస్టు మహాసభ దాకా లాగారు. కార్టర్ చిత్తుగా ఓడి ఆరు రాష్ట్రాల్లోనే గెలిచారు. పార్టీ చీలితే పెద్ద కుర్చీ కూడా ఆగదని అందరూ అనుకున్నారు. అసలే బలం తగ్గిన నాయకుడి మీదే సొంతవాళ్లు తిరగబడతారు, కాబట్టి ఓటమికి అది కారణమా, లక్షణమా అనే వాదన కూడా ఉంది.

2008లో మాత్రం ఒబామా, హిల్లరీ క్లింటన్ జనవరి నుంచి జూన్ దాకా, అయిదు నెలలు, ఒక్కో రాష్ట్రంలో కొట్టుకుంటూ పోయారు. పార్టీ రెండు ముక్కలైపోతుందని అందరూ భయపడ్డారు. నవంబరులో ఒబామా 365 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. నాకు అందులో నచ్చిన సంగతి ఒకటుంది. మామూలుగా అయితే మే నెల వచ్చేసరికి అభ్యర్థి తేలిపోతాడు, ఆ తర్వాత ఓటేసే రాష్ట్రాలను పట్టించుకునేవాళ్లు ఉండరు. ఆ ఏడాది తేలలేదు కాబట్టి మే 6న ఓటింగు ఉన్న ఇండియానాకు, నార్త్ కరోలినాకు ఇద్దరూ పరిగెత్తాల్సి వచ్చింది. ఆఫీసులు తెరిచారు, వాలంటీర్లను చేర్చుకున్నారు, ఇళ్ల తలుపులు తట్టారు. ఇండియానాలో డెమొక్రటిక్ పార్టీ 1964 తర్వాత, నార్త్ కరోలినాలో 1976 తర్వాత అధ్యక్ష ఎన్నికలో గెలిచింది లేదు. ఆ నవంబరులో రెండూ ఒబామావే అయ్యాయి. దానికి ఇదొక్కటే కారణమని నేను ఒట్టు వేయలేను. అయినా ఎవరూ రాని చోటికి కొట్లాట పుణ్యమా అని ఇద్దరు వచ్చారు.

ఇండియానా ఎక్కడుందో నాకు మ్యాపులో చూస్తే గానీ తెలియలేదు. సిరోంచ ఎక్కడుందో మీకూ అంతే అనుకుంటాను.

మీ కొట్లాట నాకు ఇబ్బంది కాదని చెప్పడానికే ఇదంతా. కొట్టుకోండి. పార్టీ అన్నాక నలుగురు ఆశపడతారు, ఆశపడకపోతేనే అనుమానించాలి. కానీ మీరు కొట్టుకునేది మాకు కనబడని చోట. రెండు వందల కిలోమీటర్ల అవతల కూడా కాదు, ఆరేడు వందల కిలోమీటర్లు దాటి, తలుపులు వేసుకుని. మా ఊరి బెంచీకి చేరేది ఆ గదిలోంచి కారిపోయిన పుకార్లు మాత్రమే. 2024 అక్టోబరు 23న అఘాడీ నాయకులు బయటికొచ్చి మూడు పార్టీలకు తలా 85 సీట్లు అన్నారు, 270 సీట్ల మీద ఒప్పందం కుదిరిందని కూడా అన్నారు. నా షాపులో క్యాలిక్యులేటర్ ఉంది. మూడు ఎనభై అయిదులు 255. ఆ రోజు ఎంతమంది వచ్చి ఆ లెక్క వేయించుకుని నవ్వుకున్నారో! జూన్‌లో 48 లోక్‌సభ సీట్లలో 30 తెచ్చుకున్న కూటమి, నవంబరులో 288 అసెంబ్లీ సీట్లలో 46 దగ్గర ఆగింది. లాడ్కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500 రూపాయలు ఆడవాళ్ల ఖాతాల్లో పడటం మా వీధిలో ఎంత పనిచేసిందో నేను చూశాను, టికెట్ల గొడవే ముంచిందని అనను. మహాయుతి కూడా చాలా సీట్లు ఆఖరి రోజు దాకా తేల్చలేదు, వాళ్లకూ రెబెల్స్ ఉన్నారు, అయినా 230 గెలిచారు. అయితే తమలో తాము 288 సీట్లు కూడా పంచుకోలేనివాళ్లు రాష్ట్రాన్ని ఎలా నడుపుతారు అన్న మాట మా బెంచీ మీద వినపడింది. ఆ మాటన్నది ఏ పార్టీవాడూ కాదు, పాలు పోసే మనిషి.

ఒక ప్రయోగం మన దగ్గరా జరిగింది, గుర్తుందో లేదో. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ దేశంలో కొన్ని సీట్లలో పార్టీ మనుషులతో ఓటింగు పెట్టి అభ్యర్థిని ఎన్నుకుంది. మన రాష్ట్రంలో వార్ధా, లాతూర్ అందులో ఉన్నాయి. రెండు చోట్లా ఆ ఏడాది మోదీ గాలికి ఓడిపోయారు. దాంతో ప్రయోగం అటకెక్కింది. ఆ గాలిలో పాత పద్ధతిలో టికెట్ తెచ్చుకున్నవాళ్లూ ఓడిపోయారు కదా, మరి పాత పద్ధతిని ఎందుకు అటకెక్కించలేదు?

2029 ఇంకా దూరంలో ఉంది. ఇప్పుడు అడిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదని ఇప్పుడే అడుగుతున్నాను. టికెట్ కావాలనుకునే వాళ్లందరినీ ఏడాది ముందు మా తాలూకాకు పంపండి. ఒకే పార్టీలో నలుగురుంటే నలుగురినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టండి. అంకిసలో అయినా పర్లేదు, ఆసరెల్లిలో అయినా పర్లేదు. షామియానా ఖర్చు మీకు పెద్ద లెక్కలోది కాదు. ఒకరినొకరు తిట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు, మా ముందు తిట్టుకుంటే సగం తిట్లు వాటంతట అవే తగ్గుతాయి.

మేము అడిగే ప్రశ్నలు కూడా ముందే చెబుతున్నాను, చదువుకుని రావచ్చు. మేడిగడ్డ బ్యారేజీ కోసం 2016లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2019 జూన్ 21న ప్రారంభించినప్పుడు ఇటు ముఖ్యమంత్రిగా ఉన్న ఫడ్నవీస్ గారు కూడా వెళ్లారు. 2023 అక్టోబరులో అక్కడ పిల్లర్లు కుంగితే దేశమంతా మాట్లాడుకుంది. ఆ నీళ్లు వెనక్కి తన్ని పొలాలు పోగొట్టుకున్న ఇవతలి ఒడ్డు రైతులు పరిహారం కోసం సిరోంచలో తహసీల్ ఆఫీసు ముందు దీక్షలకు కూర్చున్నారు. దాని మీద మీ మాట ఏమిటి? రెండోది, గుండెనొప్పి వస్తే మేము గడ్చిరోలి వైపు పోలేం, వరంగల్‌కో మంచిర్యాలకో పోతాం. మా రేషన్ కార్డు మహారాష్ట్రది కాబట్టి అక్కడ ఆరోగ్యశ్రీ చెల్లదు. రెండు ప్రభుత్వాలు కలిసి బ్యారేజీకి సంతకాలు పెట్టగలిగినప్పుడు దీనికి ఎందుకు పెట్టలేవు? ఆలపల్లి రోడ్డు గురించి అడగం, ఆ రోడ్డు మీదే వస్తారు కాబట్టి మీకే అర్థమవుతుంది. పధ్నాలుగు రోజుల అభ్యర్థి వీటిలో ఒక్కదానికి కూడా జవాబు చెప్పలేడు. వాడికి ప్రశ్న అర్థమయ్యేసరికే మైకులు బంద్ అవుతాయి.

పేరు ఖాయం చేసేది కనీసం నోటిఫికేషన్‌కు నెల రోజుల ముందు చేయండి. పొత్తులో సీటు పక్క పార్టీకి పోతే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పండి, మా అత్త లాంటి వాళ్లకు కొత్త గుర్తు కళ్లలో నిలవడానికి ఆ మాత్రం టైం పడుతుంది. టికెట్ రానివాళ్ల ఇంటికి రాష్ట్ర స్థాయి నాయకుడు స్వయంగా రావాలి, ఫోన్ చేస్తే కుదరదు. మా వైపు అలిగినవాణ్ని ఫోన్లో పిలిస్తే రాడు, ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుంటే వస్తాడు. వేదిక మీద మరాఠీతో పాటు తెలుగులో చెప్పే మనిషి ఒకరు ఉండాలి, గోండిలో చెప్పే మనిషి ఒకరు ఉండాలి. వీళ్లను వెతకడానికి మీకు కమిటీలు అక్కర్లేదు. బస్సు దిగి ఎవరినైనా అడగండి.

నా షాపు కూడా దొరకడం కష్టం కాదు. సభ పెడతామంటే తెలుగు కరపత్రం టైపు ఫ్రీగా చేసిపెడతాను, అన్ని పార్టీలకూ. ప్రింటింగు డబ్బులు మాత్రం ముందే ఇవ్వాలి. గుర్తు కూడా ముందే తెచ్చుకోవాలి.

ఇట్లు,
సిరోంచ జెరాక్స్ షాపు యజమాని